డీజిల్ ఇంజిన్ ఫొటో తీయడం, ఆ తర్వాత దాని గతి కనుక్కోవడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

తరచుగా వచ్చే ప్రశ్నలు రెండు. "కరెంటు తీగలు లేని చోట ఇంకా తిరుగుతున్న డీజిల్ ఇంజిన్లను సరిగ్గా ఫొటో ఎలా తీయాలి?" అన్నది మొదటిది. "మార్కాపురంలో ఎప్పుడో తీసిన ఇంజిన్ ఫొటో నా దగ్గర ఉంది, ఆ ఇంజిన్ ఇప్పుడు ఎక్కడ ఉంది?" అన్నది రెండోది. ఈ రెండూ ఒకే పనికి రెండు కొసలు. ఫొటో తీసే రోజున నంబరు, తేదీ, స్థలం సరిగ్గా నమోదైతేనే పదేళ్ల తర్వాత ఆ ఇంజిన్ ఏమైందో వెతకగలం. నంబరు చదవలేని ఫొటో ఎంత అందంగా ఉన్నా వెతుకులాటకు పనికిరాదు.

అందుకే ఇక్కడ కెమెరా గురించి కొంత, కాగితం పని గురించి ఎక్కువగా రాస్తున్నాను.

1. ఇంజిన్‌ను చదవడం నేర్చుకోండి

ప్లాట్‌ఫారం మీద నిలబడే ముందు ఇంజిన్ పేరును విడదీయడం తెలియాలి. మొదటి అక్షరం గేజ్, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, వై అంటే మీటర్ గేజ్. తర్వాత వచ్చే డీ డీజిల్. ఆ తర్వాతి అక్షరం ఇంజిన్ పని: ఎం అంటే ప్రయాణికుల రైళ్లకూ గూడ్స్‌కూ వాడేది, జీ గూడ్స్, పీ ప్యాసింజర్, ఎస్ షంటింగ్.

మన వైపు ఫొటోల్లో ఎక్కువగా కనిపించే రకాలు, వాటి నంబర్ల వరుసలు ఇవి:

- డబ్ల్యూడీఎం-2: ఆల్కో (పాత అమెరికా కంపెనీ) రకం, 2600 హార్స్‌పవర్. 16, 17, 18 వేల వరుసలు.
- డబ్ల్యూడీఎం-3ఏ: 3100 హార్స్‌పవర్. 14 వేల వరుసలో కొత్తగా కట్టినవి కొన్ని. మిగిలినవాటిలో చాలా భాగం పాత డబ్ల్యూడీఎం-2లను పునర్నిర్మించినవి.
- డబ్ల్యూడీఎం-3డీ: 3300 హార్స్‌పవర్, 11 వేల వరుస.
- డబ్ల్యూడీజీ-3ఏ: గూడ్స్‌కు. 13 వేల వరుస, 14 వేల వరుసలో రెండో సగం.
- డబ్ల్యూడీజీ-4: ఈఎండీ (మరో అమెరికా కంపెనీ) రకం, 12 వేల వరుస. తర్వాత వచ్చినవి 70 వేల వరుసలో ఉంటాయి.
- డబ్ల్యూడీపీ-4 20 వేల వరుస, రెండు క్యాబ్‌ల (డ్రైవరు గదుల) డబ్ల్యూడీపీ-4డీ 40 వేల వరుస.
- డబ్ల్యూడీజీ-4జీ: బిహార్‌లోని మఢౌరాలో తయారైనవి, 49 వేల వరుస.
- వైడీఎం-4: మీటర్ గేజ్, నాలుగంకెల నంబరు.

నంబరు ఒక్కటే రాసి వదిలేయకండి. ఎలక్ట్రిక్ ఇంజిన్లకూ ఐదంకెల నంబర్లే ఉంటాయి. ప్రతి నమోదులో రకం, నంబరు రెండూ పక్కపక్కనే ఉండాలి.

ఇప్పుడు ఆల్కో ఇంజిన్ పక్కభాగాన్ని దగ్గరగా చూడండి. క్యాబ్ కిటికీ కింద పెద్ద అంకెల్లో నంబరు ఉంటుంది. దాని దగ్గరలోనే జోన్ పేరు, సొంత షెడ్డు (ఇంజిన్ బాగోగులు చూసే చోటు) పేరు. ఇంకా కిందికి చూస్తే చిన్న అక్షరాల్లో ఆఖరి పెద్ద మరమ్మతు ఏ వర్క్‌షాపులో ఎప్పుడు జరిగిందో రాసి ఉంటుంది. రైల్వే వాళ్లు దీన్ని పీఓహెచ్ అంటారు. గోల్డెన్ రాక్, పరేల్ లాంటి పేర్లు అక్కడే దొరుకుతాయి. ఎండ పక్కవాటుగా పడినప్పుడు కొత్త రంగు అడుగున పాత షెడ్డు పేరు ఉబ్బెత్తుగా తేలి కనిపించడం కూడా ఉంటుంది. ఆ మసక అక్షరాలను విడిగా ఒక ఫొటో తీయండి. ఇంజిన్ ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు బదిలీ అయిందనడానికి అంతకన్నా మంచి ఆధారం ప్లాట్‌ఫారం మీద దొరకదు.

నంబరు చివర ఆర్ అక్షరం కనిపిస్తే దాన్ని కూడా రాసుకోండి. పటియాలా వర్క్‌షాపులో పునర్నిర్మాణం జరిగిన ఇంజిన్లకు అలా రాసేవారు.

2. ఎక్కడ నిలబడాలి, ఏ పూట వెళ్లాలి

మన రెండు జిల్లాల్లో రెండు ప్రధాన మార్గాలున్నాయి. రెండింటి దిక్కులూ వేరు, కాబట్టి వెలుగు లెక్కా వేరు.

గూడూరు, నెల్లూరు, బిట్రగుంట, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మీదుగా విజయవాడకు పోయే లైను దాదాపు దక్షిణోత్తరంగా ఉంటుంది. ఉదయం పట్టాలకు తూర్పున, సాయంత్రం పడమర నిలబడాలి. ఇంత వరకు అందరికీ తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది ఇంజిన్ ముఖం సంగతి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి చెన్నై వైపు వెళ్లే బండి ముఖం వెలుగులో ఉంటుంది, విజయవాడ వైపు వెళ్లే బండి ముఖం నీడలో పడుతుంది. మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన అక్షాంశంలో సూర్యుడు తలకు ఉత్తరంగా తిరుగుతాడు. ఉత్తరానికి పోయే బండి ముఖం మీద పొద్దున, సాయంత్రం వెలుగు కావాలంటే ఆ నెలలే దిక్కు. ఎండకు ఓర్చుకోవాలి మరి.

దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాలకు పోయే లైను ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంటుంది. గుంటూరు వైపు వచ్చే బండిని పొద్దున తీయండి, ముఖం వెలుగుతుంది. నంద్యాల వైపు పోయే బండిని మధ్యాహ్నం మూడు దాటాక తీయండి. ఈ ఒక్క సూత్రం పాటిస్తే ఈ లైనులో సగం ఫొటోలు బాగుపడతాయి.

డీజిళ్లు ఇప్పుడు ఎక్కడ కనిపిస్తాయి అని అడిగేవారికి నా సలహా ఇది. గూడూరు-విజయవాడ లైనుకు 1980 ప్రాంతంలోనే కరెంటు తీగలు వచ్చాయి. ఓబులవారిపల్లె-వెంకటాచలం లైను 2019లో విద్యుత్ తీగలతోనే ప్రారంభమైంది. రాపూరు, చెర్లోపల్లి మధ్య ఆరు కిలోమీటర్లకు పైగా పొడవైన సొరంగం ఉన్నది ఆ లైనులోనే. గుంటూరు-నంద్యాల లైనుకూ తీగలు పడ్డాయి. అమరావతి, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లను డీజిల్ ఇంజిన్లు లాగిన రోజులు ఇక ఫొటోల్లోనే చూడాలి.

కాబట్టి షెడ్యూలు రైలు కోసం కాచుకోవడం దండగ. పని బండ్ల మీద దృష్టి పెట్టండి: కంకర బండ్లు, కొత్త పట్టాలు మోసే బండ్లు, ప్రమాద సహాయక రైలు, యార్డుల్లో షంటింగ్. దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు ప్రాంతాల మీదుగా వస్తున్న నడికుడి-శ్రీకాళహస్తి కొత్త లైను మీద ప్రత్యేకంగా కన్నేయండి. తీగలు వేయక ముందు కొత్త లైనులో సామాను మోసే పని డీజిల్ చేయాల్సిందే.

దిగువమెట్ట దాటాక నల్లమల అడవి. అక్కడ రైలు కిటికీలోంచి తీసిన ఫొటోతో తృప్తి పడండి. అడవిలో దిగి పట్టాల వెంట నడవడం అటు అటవీ శాఖ దృష్టిలోనూ ఇటు రైల్వే దృష్టిలోనూ తప్పే, పైగా ప్రమాదం.

3. అనుమతి, భద్రత

ఈ భాగాన్ని చదవకుండా దాటవేయకండి.

రైల్వే చట్టం, 1989లోని 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పట్టాల పక్కన నడిచే కాలిబాట ఊరివాళ్లంతా వాడుతున్నదే అయినా అది రైల్వే స్థలమే.

ప్లాట్‌ఫారం మీద అయితే పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు కొనండి. అది రెండు గంటలే చెల్లుతుంది. తర్వాత స్టేషన్ మాస్టర్‌ను కలిసి ఒక మాట చెప్పండి: "అయ్యా, నేను ఫలానా ఊరి నుంచి వచ్చాను, ఇంజిన్ల ఫొటోలు తీసుకుంటాను, ఫలానా టైమ్ దాకా ఉంటాను." కంభం, దొనకొండ లాంటి చోట్ల ఇలా మర్యాదగా అడిగితే ఏ బండి ఎప్పుడు వస్తుందో వాళ్లే చెప్పే సందర్భాలు ఎక్కువ. ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షక దళం) వాళ్లు వద్దంటే వాదించకుండా కెమెరా లోపల పెట్టండి. డబ్బు కోసం తీసే చిత్రీకరణకు రైల్వే నుంచి ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

పై తీగల్లో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. తీగను తాకకపోయినా దగ్గరికి పోతే చాలు, ప్రాణం పోతుంది. పాదచారుల వంతెన మీద ట్రైపాడ్, సెల్ఫీ స్టిక్, గొడుగు పైకెత్తకండి. తీగలకు రెండు మీటర్ల లోపలికి శరీరంగానీ వస్తువుగానీ ఎప్పుడూ రాకూడదు.

కృష్ణపట్నం రేవు లోపల, విద్యుత్ కేంద్రాల సైడింగుల దగ్గర రాతపూర్వక అనుమతి లేకుండా కెమెరా బయటికి తీయవద్దు.

బయల్దేరే ముందు చూసుకోవలసినవి:

- కెమెరా గడియారం ఫోను గడియారంతో సరిపోయిందా?
- ఖాళీ మెమరీ కార్డు, నిండుగా ఛార్జ్ చేసిన రెండో బ్యాటరీ ఉన్నాయా?
- చిన్న నోటుబుక్కు, రెండు పెన్నులు?
- నీళ్ల సీసా, టోపీ? మే నెలలో ఒంగోలు ప్లాట్‌ఫారం చివర నీడ ఉండదు.
- లెన్సు తుడిచే మెత్తటి బట్ట? తీరం దగ్గర ఉప్పుగాలికి అద్దం మీద జిడ్డు పొర పడుతుంది.
- ఇంట్లోవాళ్లకు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పారా?

4. ఫొటోలు తీయవలసిన వరుస

ఇంజిన్ ఆగి ఉంటే తొందర లేదు. కానీ ఎప్పుడు కదులుతుందో మనకు తెలియదు కనుక వరుస పాటించాలి.

మొదటిది నంబరు. క్యాబ్ పక్క నంబరు, షెడ్డు పేరు రెండూ ఒకే ఫ్రేములో, నేరుగా ఎదుట నిలబడి తీయండి. రెండోది ముక్కాలు కోణం, అంటే ముఖమూ ఒక పక్కా కలిసి కనిపించేది. మూడోది పూర్తి పక్కభాగం. నాలుగోది మరమ్మతు తేదీల రాత, బిల్డర్ ప్లేటు ఉంటే అది కూడా. అయిదోది పరిసరం: స్టేషను బోర్డు, సిగ్నల్, వెనకున్న బోగీలు. ఆరోది మీకు నచ్చిన అందమైన కోణం.

అందాన్ని ఆఖరుకు నెట్టానని అనుకోవద్దు. మొదటి అయిదూ చేతికి వచ్చాక మనసు కుదుటపడుతుంది, ఆరో ఫొటో కూడా బాగా వస్తుంది.

పరిసరం ఫొటోను చాలామంది వదిలేస్తారు. తర్వాతి కాలంలో ఎక్కువ సమాచారం ఇచ్చేది అదే. తీగలున్నాయా లేవా, ప్లాట్‌ఫారం ఎత్తెంత, రెండో లైను పడిందా, బోగీల రంగేమిటి అన్నవన్నీ అందులోనే దొరుకుతాయి.

ఇంజిన్ కదులుతూ వస్తుంటే రెండే ఫ్రేములు గురి పెట్టుకోండి: వస్తున్నప్పుడు ముక్కాలు కోణం, దాటుతున్నప్పుడు క్యాబ్ నంబరు. నంబరు కెమెరాకు చిక్కకపోతే వెంటనే నోటితో చదివి ఫోనులో రికార్డు చేయండి. ఆ ఒక్క వాక్యం రాత్రికి గుర్తుండదు.

ఆల్కో ఇంజిన్లకు ఒక ప్రత్యేకత ఉంది. బండి కదిలే క్షణంలో లోకో పైలట్ నాచ్ (ఇంజిన్ శక్తిని పెంచే మెట్టు) పెంచగానే టర్బో వేగం అందుకునే లోపు నల్లటి పొగ గుప్పుమంటుంది. అది కావాలంటే బండి బయల్దేరే సిగ్నల్ పడగానే సిద్ధంగా ఉండండి, హారన్ మోగాక మొదలుపెట్టి వరుసగా తీయండి. పొగ ఇంజిన్ వెనక్కి పోవాలంటే గాలి ఎదురుగా ఉండాలి.

లోకో పైలట్ ముఖం మీదికి ఫ్లాష్ ఎప్పుడూ కొట్టవద్దు. పగలైనా సరే.

5. కెమెరా అమరికలు, తరచూ జరిగే పొరపాట్లు

వేగంగా వచ్చే బండికి సెకనులో వెయ్యో వంతు షట్టర్ కనీసం పెట్టుకోండి. యార్డులో మెల్లగా కదిలే ఇంజిన్‌కు 250వ వంతు చాలు. ఫోకస్‌ను ముఖం మధ్య కాకుండా క్యాబ్ కిటికీ అంచు మీద లేదా నంబరు మీద పెట్టండి. వీలైతే రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయని అసలు ఫైలు) కూడా దాచండి, నీడలో ఉన్న నంబరును తర్వాత వెలికితీయవచ్చు.

పొరపాటు: హెడ్‌లైటు వెలుగుకు కెమెరా మోసపోయి ఇంజిన్ మొత్తం నల్లబడటం.
సరిదిద్దడం: ఫోనులో అయితే ఇంజిన్ పక్కభాగం మీద వేలితో నొక్కి వెలుతురును అక్కడే స్థిరపరచండి. కెమెరాలో అయితే బండి రాకముందే ఖాళీ పట్టాల మీద వెలుగు కొలిచి మాన్యువల్‌లో పెట్టండి.

పొరపాటు: దూరం నుంచి జూమ్ చేస్తే నంబరు నీళ్లలో కదిలినట్లు రావడం.
సరిదిద్దడం: అది లెన్సు లోపం కాదు, వేడి గాలి. పది గంటలు దాటాక మన ఎండలో పట్టాల మీది గాలి వణుకుతుంది. దగ్గరగా రానివ్వండి, లేదా పొద్దున్నే వెళ్లండి.

పొరపాటు: తీగల స్తంభం సరిగ్గా ఇంజిన్ ముఖం మీద పడటం.
సరిదిద్దడం: బండి రాకముందే ఒక ఖాళీ ఫొటో తీసి, రెండు స్తంభాల మధ్య ఇంజిన్ ఎక్కడ ఉన్నప్పుడు నొక్కాలో నిర్ణయించుకోండి.

పొరపాటు: 3ను 8గా, 6ను 8గా, 1ని 7గా చదవడం.
సరిదిద్దడం: ఇంజిన్ మీద నంబరు ఒకటి కన్నా ఎక్కువ చోట్ల ఉంటుంది. ముఖం మీది నంబరు, పక్కది సరిపోల్చాకే రాసుకోండి.

6. ఆ రాత్రే నమోదు చేయండి

ఇంటికి వచ్చి అన్నం తిన్నాక, నిద్రపోయే ముందు ఈ పని అయిపోవాలి. వాయిదా వేస్తే తేదీలు కలిసిపోతాయి.

ఫైలు పేరులో మూడే అంశాలు ఉంచండి, ఇదే వరుసలో: ఏడాది-నెల-తేదీ, ఇంజిన్ నంబరు, స్టేషను కోడ్. ఏడాది ముందు రాస్తే ఫైళ్లు వాటంతటవే కాలక్రమంలో నిలుస్తాయి.

స్టేషను కోడ్ ఎందుకంటే జిల్లాల పేర్లు మారుతుంటాయి. 2022లో గూడూరు తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. "నెల్లూరు జిల్లాలో తీసింది" అని మాత్రమే రాసిపెట్టిన పాత ఫొటోకు ఇప్పుడు అర్థం తేలదు.

మిగతా వివరాలకు కంప్యూటర్‌లో ఒక పట్టిక పెట్టుకోండి. నిలువు వరుసలు ఇవి:

- తేదీ, సమయం
- నంబరు, రకం
- జోన్, షెడ్డు (ఇంజిన్ మీద రాసి ఉన్నట్లే)
- స్థలం, బండి ఏ దిక్కుకు పోతోంది
- రైలు పేరు, లేదా గూడ్స్ అయితే సరుకు
- రంగులు, కనిపించిన దెబ్బలు, మార్పులు
- మరమ్మతు తేదీ, వర్క్‌షాపు
- తర్వాతి గతి, దానికి ఆధారం

ఆఖరి గడిని మొదటి రోజు ఖాళీగా వదిలేయండి.

7. పాత ప్రింట్లు, నెగెటివ్‌లు ఉన్నవారికి

ఇంట్లో నాన్నగారో, రైల్వేలో పనిచేసిన బాబాయో దాచిన ఫొటోలు ఉంటే అవి మీ సొంత ఫొటోల కన్నా విలువైనవి. ముఖ్యంగా దొనకొండ, కంభం వైపు మీటర్ గేజ్ ఫొటోలు. ఆ లైను 1990లలో బ్రాడ్ గేజ్‌గా మారిపోయింది, మళ్లీ తీద్దామంటే కుదరదు.

మొదట ప్రింటు వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర, ఫొటో కాగితం కంపెనీ పేరు, పెన్నుతో రాసిన రెండు ముక్కలు ఏవి ఉన్నా ముందువైపుతో పాటు వెనకవైపునూ స్కాన్ చేయండి. వెనక రాసింది ఎవరి చేతిరాతో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పట్టికలో రాయండి.

ప్రింటుకు 600 డీపీఐ, 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌కు 2400 డీపీఐ లేదా అంతకు ఎక్కువ పెట్టండి. జిగురు పేజీల ఆల్బంలో ఫొటో అతుక్కుపోయి ఉంటే గోరుతో పీకవద్దు. పేజీతో సహా స్కాన్ చేసి, ఆ తర్వాతే పళ్లు తోముకునే సన్నటి దారాన్ని అడుగున మెల్లగా జరుపుతూ విడదీయండి. మన తీరప్రాంతపు చెమ్మకు నెగెటివ్‌ల మీద బూజు పడుతుంది. సిలికా జెల్ సంచులతో మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉంచి, వానాకాలం ముందు ఆ సంచులు మార్చండి.

తేదీ లేని ఫొటోకు కాలం కట్టడానికి ఈ గుర్తులు పనికొస్తాయి:

- రైలు బోర్డు మీద నాలుగంకెల నంబరు ఉంటే అది 2010 డిసెంబరు 20కి ముందుది. అయిదంకెలు ఆ రోజు నుంచే వచ్చాయి.
- హుబ్బళ్లి షెడ్డు ఇంజిన్ మీద దక్షిణ మధ్య రైల్వే అని ఉంటే ఆ రాత 2003కు ముందుది. ఆ ఏడాది హుబ్బళ్లి నైరుతి రైల్వేలోకి వెళ్లింది.
- గుంతకల్లు డివిజన్ ఇంజిన్ మీద దక్షిణ రైల్వే అని ఉంటే ఆ రాత 1977 అక్టోబరుకు ముందుది.
- మార్కాపురం వైపు ఫొటోలో తీగల స్తంభాలు ఉన్నాయంటే అది ఇటీవలిదే.

ఒక జాగ్రత్త. రంగు వెంటనే మారదు. జోన్ మారాక కూడా పాత రాతతోనే ఇంజిన్లు కొంతకాలం తిరుగుతాయి. అందుకే ఒక్క గుర్తుతో ఏడాది తేల్చకండి. రెండు గుర్తులు కలిస్తే "1998-2003 మధ్య" అని రాయండి, అంతకు మించి ఊహించవద్దు.

8. ఇంజిన్ గతి వెతకడం

ఇక అసలు పని. వెతికే ముందు ఇంజిన్‌కు ఏయే గతులు పట్టవచ్చో తెలిసి ఉండాలి. తుక్కు ఒక్కటే కాదు.

పునర్నిర్మాణం: డబ్ల్యూడీఎం-2గా మీరు తీసిన ఇంజిన్ అదే నంబరుతో డబ్ల్యూడీఎం-3ఏగా మరొకరి ఫొటోలో కనిపించవచ్చు. ఎవరో తప్పు రాశారని అనుకోకండి. ఇంజిన్ మారింది, నంబరు నిలిచింది.

బదిలీ: గుత్తి షెడ్డు ఇంజిన్ పేరు మార్చుకుని దేశానికి మరో కొసన తేలవచ్చు.

విదేశం: 2020 జులై 27న భారత్ బంగ్లాదేశ్‌కు పది బ్రాడ్ గేజ్ డీజిల్ ఇంజిన్లు అప్పగించింది, అవి డబ్ల్యూడీఎం-3డీ రకం. 2023 మేలో మరో ఇరవై వెళ్లాయి. మీటర్ గేజ్ వైడీఎం-4లలో కొన్ని మలేసియా దాకా పోయి పనిచేశాయి. పరాయి దేశంలో నంబరు మారుతుంది కాబట్టి పాత నంబరుతో వెతికితే దొరకదు.

ఎలక్ట్రిక్‌గా మార్పు: వారణాసి కర్మాగారంలో రెండు డబ్ల్యూడీజీ-3ఏ ఇంజిన్లను జంట ఎలక్ట్రిక్‌గా మార్చారు, 10 వేల హార్స్‌పవర్‌తో. దానికి పెట్టిన రకం పేరు డబ్ల్యూఏజీసీ-3. 2019 ఫిబ్రవరి 19న ప్రధాని జెండా ఊపారు. ఇది అరుదైన గతి.

ప్రదర్శన: అమెరికా నుంచి వచ్చిన మొదటి డబ్ల్యూడీఎం-2, నంబరు 18040, ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. షెడ్డు ముందు, శిక్షణ కేంద్రాల్లో నిలబెట్టినవీ ఉంటాయి.

అమ్మకం, తుక్కు: డీజిల్ ఇంజిన్‌కు రైల్వే లెక్క ప్రకారం ఆయుష్షు 36 ఏళ్లు. విద్యుదీకరణ వేగం పుంజుకున్నాక ఆ వయసు రాకుండానే చాలా ఆల్కోలు పక్కన పడ్డాయి. కాబట్టి తయారైన ఏడాదికి 36 కలిపి "ఈ ఏడాది తుక్కు అయి ఉంటుంది" అని లెక్క కట్టవద్దు.

వెతికే వరుస ఇది:

మొదటి మెట్టు: మీ నంబరును తోటి అభిమానుల ఫొటో సంకలనాల్లో, వికీమీడియా కామన్స్‌లో, వీడియోల శీర్షికల్లో వెతకండి. నంబరు ఒక్కటే ఇచ్చి ఒకసారి, రకంతో కలిపి ఒకసారి, షెడ్డు పేరుతో కలిపి ఒకసారి.

రెండో మెట్టు: దొరికిన ప్రతి ఫొటోను మీ కళ్లతో చూసి నంబరు చదవండి. శీర్షికను నమ్మవద్దు. తీసిన తేదీ, ఎక్కించిన తేదీ వేరు. మనకు కావలసింది తీసిన తేదీ.

మూడో మెట్టు: దొరికినవన్నీ కాలక్రమంలో పేర్చండి. షెడ్డు మారిన చోట, రంగు మారిన చోట, రకం మారిన చోట గీత గీయండి. ఏ రెండు ఫొటోల మధ్య ఎక్కువ ఖాళీ ఉందో చూడండి, ప్రశ్న అక్కడ అడగాలి.

నాలుగో మెట్టు: రైల్వే తుక్కు వేలం ఐఆర్ఈపీఎస్ వెబ్‌సైటు ద్వారా జరుగుతుంది. జోన్ వారీగా వేలం జాబితాలు చూడండి. లాటు వివరణలో ఇంజిన్ నంబరు ఉంటే అది గట్టి ఆధారం, వెంటనే ఆ పేజీని దాచుకోండి.

అయిదో మెట్టు: విశ్రాంత ఉద్యోగులను కలవండి. బిట్రగుంట, గూడూరు, దొనకొండల్లో రైల్వే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఫొటో ప్రింటు తీసుకుని వెళ్లండి, ఫోనులో చూపించకండి. ప్రింటు చేతిలో పెట్టి, "మాస్టారూ, ఈ బండి మీకు గుర్తుందా?" అని అడిగి ఊరుకోండి. జవాబును మీరు అందించవద్దు. "ఇది తుక్కు అయిపోయింది కదా" అని మీరే అంటే ఆయన మర్యాదకు అవునంటారు, ఆ మాట మీ పట్టికలో ఆధారంగా మారిపోతుంది.

9. సమాచార హక్కు దరఖాస్తు

పై మెట్లలో తేలకపోతే సమాచార హక్కు చట్టం, 2005 ఉంది. రుసుము పది రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. కేంద్రప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో వేయవచ్చు, పోస్టులోనూ పంపవచ్చు. తెలుగులో రాసుకునే హక్కు మనకు ఉంది.

దరఖాస్తు తిరిగి రావడానికి ముఖ్య కారణం ప్రశ్న వెడల్పుగా ఉండటం. "మీ జోన్‌లోని ఇంజిన్లన్నీ ఏమయ్యాయి?" అంటే జవాబు రాదు. "ఎందుకు తుక్కు చేశారు?" అని కారణం అడిగినా రాదు. రికార్డులో ఉన్నదే అడగాలి. ఇలా రాయండి:

"ఫలానా రకం, ఫలానా నంబరు గల డీజిల్ ఇంజిన్‌కు సంబంధించి మీ రికార్డుల్లో ఉన్న ఈ వివరాలు ఇవ్వగలరు. ఒకటి, సర్వీసులో ప్రవేశించిన తేదీ. రెండు, కేటాయించిన షెడ్లు, బదిలీ తేదీలు. మూడు, కండెమ్ చేసి (పనికిరాదని తేల్చి) ఉంటే ఆ తేదీ. నాలుగు, అమ్మిన, బదలాయించిన లేదా వేలం వేసిన తేదీ."

ఒక దరఖాస్తులో రెండు మూడు నంబర్లకు మించవద్దు. ఆఖరుసారి ఏ షెడ్డు పేరుతో కనిపించిందో ఆ షెడ్డు ఉన్న జోన్‌కే పంపండి. జవాబు రాకపోయినా, సరిపోకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయవచ్చు, దానికి రుసుము లేదు.

10. గతి గడిలో ఏం రాయాలి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒక ఇంజిన్ 2017 తర్వాత ఎవరి ఫొటోలోనూ కనిపించకపోతే చాలామంది "తుక్కు అయింది" అని రాసేస్తారు. అది ఏదో రేవు సైడింగులో నిక్షేపంగా పనిచేస్తూ ఉండవచ్చు, అక్కడికి కెమెరాలు వెళ్లవు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

అందుకే ప్రతి గతికీ పక్కన ఆధారం స్థాయి రాయండి:

- క: రైల్వే పత్రం, వేలం జాబితా లేదా సమాచార హక్కు జవాబు చేతిలో ఉంది.
- చ: తేదీ ఉన్న ఫొటోలో నంబరు చదవగలిగాం.
- ట: చూసిన మనిషి చెప్పారు, ఫొటో లేదు.
- త: ఎవరో అన్నారట.

త స్థాయి మాటను పట్టికలో రాసుకోవచ్చు, ఫొటో కింద బయటికి చెప్పవద్దు. ఏ ఆధారమూ లేకపోతే "ఆఖరుసారి కనిపించింది: ఫలానా నెల, ఫలానా స్టేషను" అని రాయండి. అది పూర్తి నిజం, సిగ్గుపడాల్సిన పని లేదు.

షెడ్డులో వరసగా నిలబెట్టిన ఇంజిన్‌ను చూసి కండెమ్ అయిందనీ తీర్మానించకండి. మరమ్మతుకు, విడిభాగానికి ఎదురుచూస్తూ నెలల తరబడి నిలిచినవి మళ్లీ పట్టాలెక్కిన సందర్భాలున్నాయి. చక్రాలు తిప్పే ట్రాక్షన్ మోటార్లు తీసేశారా, క్యాబ్ అద్దాలు పోయాయా, నంబరు ప్లేటు పీకేశారా అని చూడండి. మూడూ ఉంటే అనుమానం బలపడుతుంది, అయినా క స్థాయి కాదు.

ఎవరైనా కొత్త ఫొటోతో వచ్చి మీ నమోదు తప్పని చూపితే పాత వాక్యాన్ని చెరపవద్దు. దాని కింద కొత్త వాక్యం, తేదీ, ఇచ్చినవారి అనుమతి ఉంటే వారి పేరు రాయండి. పాతది ఎందుకు తప్పో తెలిస్తే అదే తప్పు పక్క నంబరులోనూ జరిగిందేమో చూసుకోవచ్చు.

11. భద్రపరచడం

మూడు ప్రతులు ఉంచండి: కంప్యూటర్‌లో ఒకటి, విడి హార్డ్ డిస్క్‌లో ఒకటి, మరో ఊళ్లో ఉన్న బంధువుల ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఒకటి. తుపానులు వచ్చే తీరం మనది, అన్నీ ఒకే ఇంట్లో ఉండకూడదు. ఏడాదికి ఒకసారి డిస్క్ తెరిచి నాలుగైదు ఫైళ్లు చూడండి.

ఫొటోతో పాటు పట్టికను కూడా ప్రతి చోటా ఉంచండి. పట్టికను సాదా టెక్స్ట్ రూపంలో అదనంగా ఒక ప్రతి దాచండి, సాఫ్ట్‌వేర్ మారినా తెరుచుకుంటుంది. ఏటా అదే నెలలో గతి గడి ఖాళీగా ఉన్న నంబర్లను వేరు చేసి, ఎనిమిదో భాగంలోని మొదటి మెట్టు నుంచి మళ్లీ వెతకండి. నిరుడు దొరకని ఫొటోను ఎవరో ఈ ఏడాది స్కాన్ చేసి ఉండవచ్చు.